అమ్మకి లెట్రోజోల్ నడుస్తోంది, డెక్సాలో (ఎముక సాంద్రత టెస్ట్) మైనస్ 2.8 వచ్చింది, ఇంజెక్షన్ వేయించాలా వద్దా

ఉప్పల్_శ్రావణి
మా అమ్మకి 61. ఎడమ రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయి ఇప్పుడు రోజూ లెట్రోజోల్ (క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే హార్మోన్ బిళ్ళ) ఒక్కటే వేసుకుంటోంది, ఐదేళ్ళు వాడాలన్నారు, రెండేళ్ళు దాటింది. మొన్న చెకప్‌లో కొత్త డాక్టర్ గారు డెక్సా ఎప్పుడు చేయించారమ్మా అని అడిగారు. ఆ పేరే మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చేయిస్తే నడుము దగ్గర టి స్కోర్ (మన ఎముకని ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసు వాళ్ళ ఎముకతో పోల్చే నంబరు) మైనస్ 2.8, తుంటి దగ్గర మైనస్ 2.1. ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ (ఎముక తగ్గకుండా ఆపే మందు, జోల్ అంటారు) ఎక్కించాలి, ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించుకుని రండి అన్నారు. ఇంటికొచ్చి చెప్పగానే మా పెద్దమ్మ ఫోన్ చేసి అది వేస్తే దవడ ఎముక కుళ్ళిపోతుందంట అని మొదలుపెట్టింది, ఇంక అమ్మ ఆ ఇంజెక్షనూ వద్దు లెట్రోజోల్ కూడా వద్దు అని కూర్చుంది. మోకాళ్ళు, వేళ్ళు ఎలాగూ నొప్పులే, ఆ బిళ్ళ వల్లే ఎముకలన్నీ పోయాయి అంటోంది. ఎవరింట్లో అయినా వేయించారా? ఏం జరిగింది? ఇంత పెద్ద హాస్పిటల్లో మొదట్లోనే ఈ టెస్ట్ ఎందుకు రాయలేదో అని నాకు ఒళ్ళు మండిపోతోంది.

లక్ష్మి_కూకట్‌పల్లి
మా అక్కకి కూడా రాయలేదు, మేమే అడిగి చేయించుకున్నాం. క్యాన్సర్ తగ్గిందా లేదా అనే చూస్తారు, ఎముకల సంగతి మనం గుర్తు చేయాల్సిందే.

నాటుగింజ
ఇంజెక్షన్లు ఎందుకండీ, పొద్దున్నే రాగి జావ, నువ్వుల ఉండలు, మునగాకు పప్పు, రోజూ ఎండలో నిలబడటం. మా నాయనమ్మ 90 దాటినా కింద కూర్చుని లేచేది, ఏనాడూ కాల్షియం బిళ్ళ మింగలేదు.

ఉప్పల్_శ్రావణి
@నాటుగింజ అమ్మ రోజూ రాగి సంకటి తినే మనిషే అండీ, అయినా వచ్చింది కదా.

పద్మక్క_ఈసీఐఎల్
శ్రావణీ, ముందు అమ్మ లెట్రోజోల్ ఆపకుండా చూడు, మిగతావన్నీ తర్వాత. నేనూ అదే బిళ్ళ వాడాను, పూర్తి కోర్స్ అయిపోయింది, కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెప్తా. మెనోపాజ్ తర్వాత కూడా ఒంట్లో కొవ్వు నుంచి కొద్దిగా ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంటుంది, ఎముకని కాపాడేది ఆ కొద్దిదే. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ ఈ మూడూ ఆ కొద్దిదాన్ని కూడా తయారవ్వనివ్వవు, మన జబ్బుకి అదే మందు, ఎముకకి అదే దెబ్బ. మామూలుగా మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకి ఏడాదికి సుమారు 1 శాతం ఎముక తగ్గితే ఈ బిళ్ళల మీద ఉన్నవాళ్ళకి సుమారు 2 శాతం తగ్గుతుంది. అందుకే బిళ్ళ మొదలుపెట్టేటప్పుడే ఒక డెక్సా, తర్వాత ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ ఒకటి తీయాలి. మీకు మొదట తీయలేదు కాబట్టి ఎంత తగ్గిందో తెలీదు, ఇప్పుడొచ్చిన నంబరునే మొదటిది అనుకుని అక్కడి నుంచి చూసుకోండి. మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 1కి 2.5కి మధ్య అయితే ఎముక పల్చబడింది అంటారు, మైనస్ 2.5 గానీ ఇంకా కిందకి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. అమ్మ నడుము అందులోకి వచ్చేసింది. ఇది రాగి జావతో ఎక్కే మెట్టు కాదు.

ఇంకోటి, అమ్మ మోకాళ్ళ నొప్పులకీ ఈ స్కోరుకీ ముడిపెట్టొద్దు. ఎముక పల్చబడటం అనేది నొప్పి లేకుండా జరుగుతుంది, విరిగినప్పుడే తెలుస్తుంది. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోవడం, మోకాళ్ళు పట్టేయడం లెట్రోజోల్ వల్ల కీళ్ళకి వచ్చే నొప్పి, అది వేరే. నొప్పులు లేనివాళ్ళకి కూడా స్కోరు పడిపోయి ఉండొచ్చు.

నాటుగింజ
తిండిని మరీ అంత తీసిపారేయకండి మేడమ్.

తార్నాక_రమేష్
తీసిపారేయట్లేదండీ. మా పక్కనే ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు ఉంటుందని ఉంది, ధాన్యాల్లో దాన్ని మించింది లేదు. కానీ జావలో మనం వేసే పిండి రెండు చెంచాలు, అంటే మహా అయితే 30 గ్రాములు, లెక్కేస్తే గ్లాసు పాలు అంత కూడా రాదు. ఈ వయసులో రోజుకి తిండీ బిళ్ళా కలిపి 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలంటారు. కాబట్టి జావ తాగండి, పెరుగు వేసుకోండి, ఎంత తక్కువ పడుతుందో అంతే బిళ్ళతో నింపండి. పాలకూరలో కాల్షియం ఉంది అని మాత్రం పొంగిపోకండి, ఆక్సలేట్ అనే పదార్థం వల్ల అందులోది ఒంటికి సరిగ్గా పట్టదు, మునగాకు నయం.

నాటుగింజ
రెండు చెంచాల జావ ఎవరు తాగుతారండీ, మేము చెంబుతో తాగుతాం.

తార్నాక_రమేష్
చెంబు అయితే ఒప్పుకుంటా 😄

పద్మక్క_ఈసీఐఎల్
మీ నాయనమ్మ గారు లెట్రోజోల్ వాడలేదు కదా తమ్ముడూ, అసలు తేడా అక్కడుంది. ఈస్ట్రోజెన్ పూర్తిగా పోయిన ఒంట్లో ఎముకని తినే కణాలు ఆగకుండా పనిచేస్తుంటాయి, వాటిని ఆపాలంటే మందే కావాలి. కాల్షియం, డి విటమిన్ పునాది, అవి లేకుండా ఇంజెక్షన్ వేయకూడదు, అవి మాత్రమే ఉంటే మైనస్ 2.8కి చాలవు.

పళ్ళడాక్టర్_మలక్‌పేట
దవడ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. దవడ ఎముక దెబ్బతినడం నిజంగా ఉన్న సమస్యే, పెద్దమ్మ గారు గాలికి చెప్పిన మాట కాదు. కానీ అది ఎక్కువగా కనిపించేది క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్ళలో, వాళ్ళకి ఇదే మందు 3, 4 వారాలకోసారి ఏళ్ళ తరబడి ఎక్కిస్తారు. మీ అమ్మగారిలా ఆరు నెలలకోసారి తీసుకునేవాళ్ళలో అరుదు. ఆ కాస్త ప్రమాదాన్ని కూడా తగ్గించడానికే ముందు మా దగ్గరికి పంపుతారు. పీకాల్సిన పళ్ళు, చిగుళ్ళ చీము, పుచ్చు ఏమున్నా ఇంజెక్షన్‌కి ముందే తేల్చేయాలి, పన్ను పీకితే గాయం పూర్తిగా మానాక మొదలుపెట్టాలి. తర్వాత క్లీనింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్ అన్నీ చేయించుకోవచ్చు, జాగ్రత్త పడాల్సింది పన్ను పీకడం, ఇంప్లాంట్ దగ్గర. ఏ డెంటల్ క్లినిక్‌కి వెళ్ళినా నోరు తెరిచే ముందు నేను జోల్ తీసుకుంటున్నా అని చెప్పమనండి. కట్టుడు పళ్ళు ఉంటే ఎక్కడా ఒరుసుకోకుండా సరిచేయించండి, ఆ పుండ్ల దగ్గర కూడా మొదలవుతుంది.

ఉప్పల్_శ్రావణి
థాంక్యూ సర్. కింద దవడలో ఒక పన్ను ఎప్పట్నుంచో కదులుతోంది, పండక్కి చూద్దాం అని వాయిదా వేస్తోంది. రేపే తీసుకెళ్తా.

రేష్మా_టోలిచౌకి
నాకు 38, నాది కూడా హార్మోన్ పాజిటివే, అంటే హార్మోన్ వల్ల పెరిగే రకం క్యాన్సర్. ఓవరీలు ఆపడానికి గోసెరెలిన్ ఇంజెక్షన్, దాంతో పాటు ఎక్సిమెస్టేన్. ఈ వయసులో ఎముకల గురించి ఎందుకులే అనుకుంటారు అందరూ, మా ఇంట్లో కూడా అదే మాట. కానీ ఒక్కసారిగా మెనోపాజ్‌లోకి తోసేస్తే పెద్దవాళ్ళకంటే మాకే ఎముక ఎక్కువ వేగంగా పోతుందని మా డాక్టర్ గారు మొదటి రోజే బొమ్మ గీసి చూపించి డెక్సా తీయించారు. మా వయసు వాళ్ళ రిపోర్ట్‌లో జెడ్ స్కోర్ అని కూడా ఉంటుంది, అంటే మన ఈడు వాళ్ళతో పోలిక. పిల్లల్ని ఎత్తుకుంటూ, టూవీలర్ మీద తిరుగుతూ ఉంటాం, మాకు ఈ టెస్ట్ ఇంకా ముఖ్యం అని నా బాధ.

లక్ష్మి_కూకట్‌పల్లి
@రేష్మా టామోక్సిఫెన్ అనే ఇంకో హార్మోన్ బిళ్ళ వాడితే ఎముకలకి మంచిది అంటారు కదా, మరి అది ఇవ్వొచ్చు కదా?

నర్సమ్మ_అల్వాల్
మెనోపాజ్ అయిపోయినవాళ్ళకి టామోక్సిఫెన్ ఎముకని కొంత కాపాడుతుంది, పీరియడ్స్ వస్తున్నవాళ్ళలో మాత్రం కొద్దిగా తగ్గిస్తుంది. వయసుని బట్టి తలకిందులవుతుంది. అయినా ఏ బిళ్ళ ఇవ్వాలనేది ఎముకని బట్టి కాదు, క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదాన్ని బట్టి చూస్తారు. మరీ తట్టుకోలేనివాళ్ళకి మారుస్తారు, అది ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) చేయాల్సిన పని.

నేను హాస్పిటల్ డేకేర్‌లో జోల్ ఎక్కించే నర్సునే కాబట్టి శ్రావణి గారికి అక్కడేం జరుగుతుందో చెప్తా. ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పేది), కాల్షియం, డి విటమిన్ చూస్తారు. డి తక్కువుంటే, మన దగ్గర చాలామందికి తక్కువే ఉంటుంది, 60,000 యూనిట్ల సాచెట్ వారానికోటి చొప్పున కొన్ని వారాలు ఇచ్చి అప్పుడు ఎక్కిస్తారు, లేకపోతే ఇంజెక్షన్ తర్వాత కాల్షియం పడిపోయి చేతులు కాళ్ళు కొంకర్లు పోతాయి. 4 మిల్లీగ్రాముల మందు చిన్న సెలైన్ బాటిల్లో కలిపి కనీసం 15 నిమిషాలు నిదానంగా ఎక్కిస్తాం, త్వరగా అయిపోవాలని ఎవరూ తొందర పెట్టకండి, కిడ్నీకి మంచిది కాదు. ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది వద్దని ముందే చెప్పండి. ముందురోజు, ఆ రోజు నీళ్ళు బాగా తాగి రావాలి. మొదటిసారి వేయించుకున్నవాళ్ళలో చాలామందికి ఆ రాత్రి గానీ మర్నాడు గానీ జ్వరం, ఒళ్ళంతా నొప్పులు వస్తాయి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, పారాసిటమాల్ చాలు. రెండోసారికి అంతగా రాదు. ఆ జ్వరం చూసి ఇంజెక్షన్ పడలేదు అని మానేసేవాళ్ళని చూస్తే చాలా బాధేస్తుంది.

పద్మక్క_ఈసీఐఎల్
నాకు అచ్చం అదే. చలిజ్వరం వచ్చి రెండు దుప్పట్లు కప్పుకున్నా, మా ఆయన డెంగ్యూ టెస్ట్ చేయిద్దాం అని కూర్చున్నారు 😄 రెండో డోసుకి ఏమీ లేదు, తిరిగొచ్చి వంట కూడా చేశా.

శ్రావణీ, అమ్మకి ఇంకో మాట కూడా చెప్పు, ఇది వింటే ఆవిడ మనసు మారొచ్చు. ఈ జోల్ లాంటి మందులు ఎముక విరగకుండా చూడటమే కాదు, మెనోపాజ్ దాటినవాళ్ళలో క్యాన్సర్ ఎముకలకి పాకడాన్ని కూడా కొంత తగ్గిస్తాయి. 18 వేల మందికి పైగా ఆడవాళ్ళ వివరాలు కలిపి చూసి 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. అందుకే కొందరికి డెక్సా బాగానే ఉన్నా కూడా జోల్ రాస్తున్నారు.

ఉప్పల్_శ్రావణి
అక్కా ఇది మాకెవరూ చెప్పలేదు 🙏 అమ్మకి చదివి వినిపించా. మళ్ళీ చదువు అంది.

కిరణ్_మియాపూర్
మా అత్తయ్యకి జోల్ కాదు, డెనోసుమాబ్ ఇచ్చారు, 60 మిల్లీగ్రాములు ఆరు నెలలకోసారి చర్మం కింద. జ్వరం లేదు, సెలైన్ లేదు, ఐదు నిమిషాల్లో పని అయిపోయేది. ఖరీదు ఎక్కువ కానీ నా ఓటు దానికే. 2015లో వచ్చిన ఆస్ట్రియా స్టడీలో లెట్రోజోల్ లాంటి బిళ్ళల మీద ఉన్న 3,400 మందికి పైగా ఆడవాళ్ళలో ఎముకలు విరగడం సగానికి సగం తగ్గింది.

నర్సమ్మ_అల్వాల్
మంచి మందే, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి జోల్ ఇవ్వలేనప్పుడు దాన్నే చూస్తారు. కానీ @కిరణ్ గారూ మధ్యలో ఆపకూడదని చెప్పారా మీకు?

కిరణ్_మియాపూర్
అంటే? కోర్స్ అయిపోయింది కదా అని ఆపేశారు. లాస్ట్ డోస్ అయి ఆరు నెలలు దాటుతోంది.

నర్సమ్మ_అల్వాల్
ఈ వారమే డాక్టర్‌ని కలవండి, వాయిదా వేయొద్దు. జోల్ ఎముకలోకి ఇంకి చాలాకాలం ఉంటుంది, ఆపినా మెల్లగా దిగుతుంది. డెనోసుమాబ్ అలా కాదు, డోసు గడువు దాటగానే ఒంట్లోంచి పోతుంది, అప్పటిదాకా ఆగిన ఎముక నష్టమంతా ఒక్కసారిగా మొదలవుతుంది, కొందరికి వెన్నుపూసలు ఒకటి కాదు రెండు మూడు కలిసి కూలిపోతాయి. అందుకే ఆపాలనుకుంటే దాని బదులు జోల్ గానీ, అలెండ్రోనేట్ బిళ్ళలు గానీ వెంటనే మొదలుపెడతారు. నేను భయపెట్టడానికి చెప్పట్లేదండీ, ఇది ఇంజెక్షన్ వేసే ప్రతి చోటా పేషెంట్‌కి కాగితం మీద రాసి ఇవ్వాల్సిన విషయం.

కిరణ్_మియాపూర్
ఇప్పుడే అపాయింట్‌మెంట్ పెట్టా. మాకు ఒక్కరు కూడా చెప్పలేదు. చాలా చాలా థాంక్స్ మేడమ్.

మల్కాజిగిరి_భాగ్య
మా చిన్నమ్మ ముచ్చట చెప్త. ట్రీట్‌మెంట్ అయ్యి నాలుగేండ్లు అయింది, మంచిగనే తిరుగుతుండె. పెండ్లికి పోతూ బస్సుల ఎన్క సీట్ల కూసున్నది, స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరింది, అంతే, నడుముల కట్ మని సప్పుడైందన్నది. కింద పడలె, ఏం లె. ఎక్స్‌రేల నడుముపూస నొక్కుకపోయిందని తేలింది. ఇగ ఇంట్ల అందరం అనుకున్నది ఒక్కటే, జబ్బు ఎముకలకి పాకిందని. ఎంఆర్ఐ తీసి రిపోర్ట్ వచ్చేదాంక మా ఇంట్ల ఎవ్వరం అన్నం సక్కగ తినలె. ఆఖరికి క్యాన్సర్ కాదు, ఎముక పల్చబడి ఇరిగింది అన్నరు. ఇరిగిందని సంబురపడ్డ మనుషులం మేమే అనుకుంట. బెల్ట్ పెట్టి, మందులిచ్చి మంచిగ చేసిన్రు గనీ ఎత్తు తగ్గింది, వీపు జర వంగింది. ముందుగాల ఆ డెక్సా తీసుంటే గింత భయం ఎందుకుండు.

రేష్మా_టోలిచౌకి
చదువుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి భాగ్యక్కా.

లక్ష్మి_కూకట్‌పల్లి
ఒక డౌట్, మా అక్కకి బోన్ స్కాన్ తీశారు, అంతా క్లియర్ అన్నారు. మళ్ళీ డెక్సా ఎందుకు?

పద్మక్క_ఈసీఐఎల్
రెండూ వేర్వేరు లక్ష్మీ. బోన్ స్కాన్‌లో నరానికి మందు ఎక్కించి కొన్ని గంటలయ్యాక తీస్తారు, జబ్బు ఎముకలకి పాకిందా అని చూస్తారు. డెక్సా అంటే పడుకోబెట్టి తక్కువ మోతాదు ఎక్స్‌రేతో నడుము, తుంటి ఎముకల సాంద్రత కొలుస్తారు, సూది లేదు, పావుగంట పని. బోన్ స్కాన్ క్లియర్ అంటే ఎముక గట్టిగా ఉందని కాదు. వీలైతే ప్రతిసారీ ఒకే మెషిన్ మీద తీయించుకోండి, సెంటర్ మారితే నంబర్లు పోల్చడం కష్టం.

సైదాబాద్_ఫిజియో
మందుల గురించి అందరూ చెప్పారు, పడిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. స్కోరు ఎంతున్నా తుంటి, మణికట్టు ఎక్కువగా విరిగేది పడినప్పుడే. పాక్లిటాక్సెల్ కీమో తీసుకున్నవాళ్ళలో చాలామందికి అరికాళ్ళు తిమ్మిరిగా ఉంటాయి, చెప్పు జారినా తెలీదు. పైగా మన ఇళ్ళన్నీ నున్నటి టైల్స్, పొద్దున్నే వాకిలి కడిగి తడి మీదే ముగ్గు వేయడానికి వంగుతారు. నా దగ్గరకొచ్చే పెద్దావిడల్లో ఎక్కువమంది బాత్‌రూమ్‌లోనో వాకిట్లోనో పడ్డవాళ్ళే. బాత్‌రూమ్‌లో గోడకి స్టీల్ పట్టీ, రాత్రి వెలిగే చిన్న లైటు, ఇంట్లో కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఈ మూడూ ఈ ఆదివారమే పెట్టించండి. నిద్రమాత్ర వేసుకునేవాళ్ళు రాత్రి లేచేటప్పుడు కాసేపు మంచం మీద కూర్చుని లేవాలి.

వ్యాయామం అంటే కేబీఆర్ పార్క్ చుట్టూ నడక ఒక్కటే కాదు. నడక మంచిదే, దాంతో పాటు కండకి పని పెట్టాలి, కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడటం. లెట్రోజోల్ కీళ్ళ నొప్పులకి కూడా ఇదే బాగా పనిచేస్తుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. నడుము స్కోరు పడినవాళ్ళు ముందుకి బాగా వంగే ఆసనాలు, పశ్చిమోత్తానాసనం లాంటివి మానేయాలి, కింద ఉన్న బరువుని నడుము వంచి ఎత్తకూడదు. యోగా టీచర్‌కి రిపోర్ట్ చూపించండి.

మల్కాజిగిరి_భాగ్య
ఆషాఢంల బోనం ఎత్తొచ్చా సార్? చిన్నమ్మ గదే అడుగుతున్నది, ఏటా ఎత్తుతది, ఈసారి ఊకోమంటే ఊకుంటలేదు.

సైదాబాద్_ఫిజియో
పూస నొక్కుకుపోయిన మనిషి తలమీద బరువు పెట్టుకోవద్దమ్మా. అన్నం కుండ, మీద దీపం, ఆ రద్దీలో నడక, మొత్తం భారం వెన్ను మీదే పడుతుంది.

మల్కాజిగిరి_భాగ్య
చెప్పిన. బోనం నేనెత్తుత, నువ్వు పక్కన శాక పట్టుకొని రా అన్న. అమ్మవారు నిన్ను కాదు నన్నే అడుగుతది అంటున్నది 😄 అయినా ఒప్పుకున్నది.

నాటుగింజ
ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. డి విటమిన్ ఎండలోనే కదా, సాచెట్లు ఎందుకు?

తార్నాక_రమేష్
ఎండ మంచిదే కానీ పొద్దున ఏడింటి ఎండలో డి పెద్దగా తయారవదు, 11 నుంచి 2 మధ్య ఎండలో ఉంటుంది, హైదరాబాద్‌లో మే నెలలో ఎవరు నిలబడతారు చెప్పండి. అపార్ట్‌మెంట్ కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ అయితే అసలు లాభం లేదు, ఆ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. ఇప్పటికే తక్కువున్న మనిషికి సాచెట్ తప్పదు. అలాగని డాక్టర్ చెప్పినన్ని వారాలు దాటి సొంతంగా వేసుకుంటూ పోకూడదు, ఎక్కువైనా ప్రమాదమే.

నాటుగింజ
సరే ఒప్పుకుంటున్నా. మా అత్తగారికి ఇదే ట్రీట్‌మెంట్ అయి ఏడాది అవుతోంది, అనస్ట్రోజోల్ వాడుతున్నారు. ఆవిడకీ డెక్సా తీయిస్తా. జావ మాత్రం ఆపను.

పద్మక్క_ఈసీఐఎల్
ఆపమని ఎవరన్నారు తమ్ముడూ, మాకూ ఒక చెంబు పంపు.

ఉప్పల్_శ్రావణి
అప్‌డేట్. పన్ను పీకారు, గాయం మానాక ఇంకోసారి చూసి లెటర్ ఇస్తామన్నారు. డి విటమిన్ 11 వచ్చింది, సాచెట్లు మొదలయ్యాయి. అమ్మ లెట్రోజోల్ ఆపలేదు. ఇంకో ప్రశ్న, అమ్మకి థైరాయిడ్ బిళ్ళ కూడా ఉంది, పొద్దున్నే అన్నీ కలిపి ఒకేసారి మింగేస్తోంది, పర్లేదా?

నర్సమ్మ_అల్వాల్
వద్దు వద్దు. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున ఒక్కటే, దానికీ కాల్షియంకీ కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. కాల్షియం కార్బొనేట్ అయితే మధ్యాహ్నం అన్నంతో, ఒకేసారి 500 మిల్లీగ్రాములకి మించకుండా. గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకునే మనిషి అయితే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, అప్పుడు కార్బొనేట్ బదులు సిట్రేట్ రాస్తారు.

ఉప్పల్_శ్రావణి
గ్యాస్ బిళ్ళ ఏళ్ళ నుంచి వేసుకుంటోంది. సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, మందుల డబ్బా మొత్తం పట్టుకెళ్తా.

రేష్మా_టోలిచౌకి
@పళ్ళడాక్టర్ గారూ నాకు వచ్చే నెల జ్ఞాన దంతం పీకాలి అన్నారు, జోల్ ఇంకా మొదలవ్వలేదు. ముందే తీయించేసుకోనా?

పళ్ళడాక్టర్_మలక్‌పేట
ముందే తీయించేయండమ్మా, వచ్చే నెల దాకా ఎందుకు. మీ ఆంకాలజిస్ట్‌కి తేదీ చెప్పి, చిగురు పూర్తిగా మూసుకున్నాకే జోల్ తేదీ పెట్టించుకోండి.